పాత బైకు దారిలో ఆగిపోతోందా? డబ్బు పెట్టే ముందు ఈ వరుసలో చూడండి

పోయిన ఎండాకాలం, రాత్రి తొమ్మిదిన్నర దాటింది. మాసన్ లేక్స్‌లో షేరింగ్ ఇంట్లో ఉండి చదువుకుంటున్న ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, బండి మెయిన్ నార్త్ రోడ్డు మీద ఆగిపోయింది. బ్యాగులో ఆర్డర్ ఉంది. పక్కనుంచి ట్రక్కులు పోతుంటే బండి ఊగుతోంది. నాకు భయమైతోంది" అన్నాడు.

ముందు బండిని ఫుట్‌పాత్ మీదికి ఎక్కించి, లైట్లు వేసి దూరంగా నిలబడమన్నా. తర్వాత ఒక్క మాట అడిగా. "ఆగిన తర్వాత ఎంతసేపటికి మళ్లీ స్టార్టవుతుంది?" పది, పదిహేను నిమిషాలకు అవుతుందట. మళ్లీ ఇరవై నిమిషాలు బాగానే పోయి మళ్లీ ఆగిపోతుందట. "పెట్రోల్ ట్యాంకు మూత తెరువు, చప్పుడు విను" అన్నా. తెరవగానే స్స్‌మని గాలి లోపలికి పోయింది. మూత వదులుగా పెట్టి సెల్ఫ్ కొడితే బండి వెంటనే లేచింది. ట్యాంకు ఊగి పెట్రోల్ ఒలకకుండా మెల్లగా ఇంటికి తెచ్చుకొమ్మన్నా.

విషయం ఇంతే. ట్యాంకు మూతలో సన్నని గాలి రంధ్రం ఉంటుంది. కింద నుంచి పెట్రోల్ కార్బురేటర్‌లోకి దిగుతుంటే, పైనుంచి అంత గాలి ట్యాంకులోకి రావాలి. దుమ్ముతో రంధ్రం మూసుకుపోతే ట్యాంకు లోపల గాలి ఒత్తిడి తగ్గిపోయి పెట్రోల్ దిగదు, ఇంజన్ ఆకలితో ఆగిపోతుంది. కాసేపు ఆగితే ఎక్కడో సందులోంచి కొంచెం గాలి పోతుంది కాబట్టి మళ్లీ స్టార్టవుతుంది. మర్నాడు మూత విప్పి, సన్నని తీగతో రంధ్రం శుభ్రం చేశాం. ఒక్క డాలరు ఖర్చు కాలేదు.

కానీ దానికి ముందు మూడు వారాల్లో ఆ తమ్ముడు దాదాపు 700 డాలర్లు పెట్టేశాడు. ఒకరు బ్యాటరీ అంటే బ్యాటరీ మార్చాడు. ఇంకొకరు ప్లగ్ అంటే అది మార్చాడు. మూడో చోట కార్బురేటర్ విప్పి సర్వీస్ చేశారు. ఏదీ తప్పు చెప్పారని కాదు, ఎవరూ వరుసగా చూడలేదు. ఆ రోజు మూత సంగతి చూస్తూ ముందు చక్రం దగ్గర కూర్చుంటే అసలు భయం వేసింది. బ్రేక్ ప్యాడ్లు అరిగి ఇనుము తేలింది, డిస్కు మీద గాట్లు పడ్డాయి. "ఇదేంది తమ్మీ?" అంటే, "తెలుసన్నా, ఇంజన్ బాగైనంక చేయిద్దామని ఆగిన. పైసలు అయిపోయినయ్" అన్నాడు.

ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ మాటే. ఇంజన్ ఆగితే ఆ రోజు సంపాదన పోతుంది. బ్రేకు పట్టకపోతే మనిషే పోతాడు. ఊహలతో చేయించే రిపేర్లు తినేసేది బ్రేకులకూ టైర్లకూ దాచుకోవాల్సిన డబ్బునే.

నేను చదివింది పదో తరగతి వరకే. జగిత్యాలలో ఒక షెడ్డులో పానాలు అందిస్తూ పని నేర్చుకున్నా, తర్వాత మస్కట్‌లో గ్యారేజీలో చేశా. మా ఆవిడ ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చాం. ఇప్పుడు ఖాళీ దొరికినప్పుడల్లా మన కార్మికుల పనుల మీద తిరుగుతుంటా. ఇక్కడ రాసినవన్నీ చేతితో చేసి చూసినవే.

మొదట భద్రత, తర్వాతే ఇంజన్

బండి ఎలా ఉన్నా, వారానికి ఒకసారి ఈ నాలుగూ చూడండి. పది నిమిషాల పని.

బ్రేకులు: డిస్కు బ్రేకైతే టార్చి వేసి ప్యాడ్ మందం చూడండి. చాలా ప్యాడ్ల మీద అరుగుదల గీత ఉంటుంది, ఆ గీత దాకా వస్తే మార్చాల్సిందే. లివర్ నొక్కితే స్పాంజిలా మెత్తగా పోతుంటే బ్రేక్ ఆయిల్‌లో గాలి చేరినట్టు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్లకోసారి మార్చాలి. డ్రమ్ బ్రేకైతే బయట చిన్న బాణం గుర్తు ఉంటుంది. బ్రేకు నొక్కినప్పుడు అది గీత దాటితే బ్రేక్ షూలు అయిపోయినట్టే.

టైర్లు: ఇక్కడి నిబంధన ప్రకారం గాడి లోతు కనీసం 1.5 మిల్లీమీటర్లు ఉండాలి. గాడి ఉన్నా వయసు చూడండి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైనది. పాత టైరు రబ్బరు గట్టిపడుతుంది, వానలో జారుతుంది. చాలా రోజుల ఎండ తర్వాత పడే మొదటి వానకు రోడ్డు మీది నూనె పైకి తేలుతుంది, ఆ రోజు మరీ జాగ్రత్త.

చైన్: మరీ లూజైనా ప్రమాదమే, మరీ టైటైనా ప్రమాదమే. మామూలు రోడ్డు బండ్లకు మధ్యలో పైకీ కిందికీ కలిపి 20 నుంచి 30 మిల్లీమీటర్ల ఆట ఉంటుంది. మీ బండి కొలత వెనక చక్రం ఫోర్కు మీద స్టిక్కర్‌లో గానీ మాన్యువల్‌లో గానీ ఉంటుంది. రోజూ డెలివరీ తిరిగేవాళ్లు వారానికోసారి చైన్ ల్యూబ్ వేయాలి. ఇంజన్ తిరుగుతుండగా చైన్‌ను గుడ్డతో తుడవకండి. అలా వేళ్లు పోగొట్టుకున్నవాణ్ని మస్కట్‌లో కళ్లారా చూశా.

లైట్లు: ముందు, వెనక, బ్రేక్ లైటు, ఇండికేటర్లు. బ్రేక్ లైటు రెండు లివర్లతోనూ వెలగాలి.

ఇంజన్‌కు కావాల్సినవి నాలుగే

ఏ పెట్రోల్ ఇంజనైనా నడవాలంటే సరిపడా పెట్రోల్, సరిపడా గాలి, సమయానికి నిప్పురవ్వ, లోపల ఒత్తిడి ఉండాలి. సెల్ఫ్ కొట్టే బండికి ముందు బ్యాటరీ కావాలి. తేలికైనదీ ఖర్చు లేనిదీ మొదట చూసి, కష్టమైనది చివరకు పెట్టుకోవాలి.

మొదటిది బ్యాటరీ. ఒక చిన్న మల్టీమీటర్ కొనుక్కోండి, ఇంట్లో నలుగురూ కలిసి ఒకటి కొన్నా చాలు. రాత్రంతా ఆపి ఉన్న బండి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపిస్తే మంచిగ ఉన్నట్టు. 12.2 కంటే తక్కువైతే చార్జింగ్ పెట్టాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 10 కంటే బాగా కిందికి పడిపోతే బ్యాటరీ ముసలిదైనట్టు. ఇంజన్ నడుస్తూ కొంచెం రేజ్ చేస్తే 13.5 నుంచి 14.5 మధ్య రావాలి. అంత రాకపోతే కొత్త బ్యాటరీ వేసినా వారంలో దిగిపోతుంది, తప్పు చార్జింగ్ వైపు ఉంది. వీటన్నిటికంటే ముందు బ్యాటరీ టెర్మినల్ స్క్రూలు లూజుగా ఉన్నాయేమో, తెల్లటి పొడి పట్టిందేమో చూడండి. "బండి మొత్తం చచ్చిపోయింది" అని వచ్చిన ఫోన్లలో చాలావరకు అక్కడే తేలిపోయాయి.

రెండోది పెట్రోల్. ట్యాప్ ఆన్‌లో ఉందా, రిజర్వ్‌లో పెడితే నడుస్తుందా? ట్యాంకు మూత పరీక్ష పైన చెప్పా. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు తొందరగా ఆగిపోతుంటే గాలి రంధ్రం మీద అనుమానం ఇంకా పెరగాలి. ఎందుకంటే నిండు ట్యాంకులో గాలి తక్కువ, ఒత్తిడి త్వరగా పడిపోతుంది. తర్వాత కార్బురేటర్ అడుగున ఉండే డ్రెయిన్ స్క్రూ తిప్పి, గాజు సీసాలోకి కొంచెం పెట్రోల్ పట్టండి. అడుగున నీళ్లు బుడగలా నిలిచినా, తుప్పు కనిపించినా, పాత వార్నిష్ వాసన వచ్చినా కారణం దొరికినట్టే.

మన పిల్లల బండ్లకు ఈ జబ్బు ఎక్కువ. డిసెంబర్‌లో సెలవులకు ఇండియా పోతారు, రెండు నెలలు బండి ఎండలో నిలబడి ఉంటుంది. కార్బురేటర్‌లో మిగిలిన పెట్రోల్ ఆవిరై జిగురులా గట్టిపడుతుంది. పైలట్ జెట్ రంధ్రం వెంట్రుక అంత సన్నం. అది మూసుకుంటే బండి చోక్ మీదే నడుస్తుంది, చోక్ తీయగానే ఆగిపోతుంది. సిగ్నల్ దగ్గర నిలవదు, రేజ్ చేస్తే మాత్రం పోతుంది. ఇంటికి పోయే ముందు ట్యాంకు నింపి, ట్యాప్ మూసి, కార్బురేటర్‌లో ఉన్నది తీసేసి, బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి పోండి. వచ్చాక ఈ తంటా ఉండదు.

బంకులో ఈ10 చవకగా కనిపిస్తుంది. కార్బురేటర్ ఉన్న పాత బండ్లు చాలావాటికి కంపెనీలు దాన్ని వద్దంటాయి. అందులోని ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరు గొట్టాలను పాడుచేస్తుంది. మాన్యువల్ ఒప్పుకుంటే తప్ప మామూలు 91 పోసుకోండి. మాన్యువల్ అడగనప్పుడు 98 పోసినా పికప్ పెరగదు, జేబే ఖాళీ అవుతుంది.

మూడోది నిప్పురవ్వ. ఇంజన్ చల్లారాక ప్లగ్ విప్పి రంగు చూడండి. లేత గోధుమ రంగుంటే ఇంజన్ ఆరోగ్యంగా ఉన్నట్టు. పొడి మసిలా నల్లగా ఉంటే పెట్రోల్ ఎక్కువ, గాలి తక్కువ. తెల్లగా కాలినట్టుంటే పెట్రోల్ తక్కువ, లేదా ఎక్కడో బయటి గాలి దూరుతోంది. తడిగా నూనె పట్టి ఉంటే ఇంజన్ ఆయిల్ లోపలికి వస్తోంది. ఒక ప్లగ్ ధర తక్కువే, అనుమానం ఉంటే మీ బండికి చెప్పిన నంబరుదే వేయండి. దాన్ని ముందు చేత్తో తిప్పి కూర్చోబెట్టి, తర్వాతే పానా వాడండి. అడ్డంగా బిగిస్తే మరలు పోయి పెద్ద ఖర్చు పడుతుంది.

నాలుగోది గాలి. ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో నిండితే బండి బరువుగా లాగుతుంది, నల్ల పొగ వస్తుంది, పెట్రోల్ ఎక్కువ తాగుతుంది. కార్బురేటర్‌కూ ఇంజన్‌కూ మధ్య రబ్బరు గొట్టం ఉంటుంది. పాత బండ్లలో అది పగుళ్లు వేస్తుంది. వేలితో వంచి టార్చి వేసి చూడండి. పగులు ఉంటే ఎంత ట్యూనింగ్ చేసినా ఐడిల్ నిలవదు.

ఈ నాలుగూ బాగుండి కూడా వేడెక్కితే ఆగిపోతూ, చల్లారితే నడుస్తూ ఉంటే రెండు అనుమానాలు. ఒకటి, ఇగ్నిషన్ కాయిల్ వేడికి దెబ్బతింటోంది. రెండు, వాల్వ్ సందు మరీ బిగిసిపోయి వేడికి వాల్వ్ పూర్తిగా మూసుకోవడం లేదు. 2019 జనవరి 24న అడిలైడ్‌లో 46.6 డిగ్రీలు నమోదైంది. అలాంటి ఎండలు పడే ఊరిలో పాత ఇంజన్‌కు ఇది చిన్న విషయం కాదు. ఈ పని తెలిసినవాళ్లకే ఇవ్వండి. కానీ అక్కడికి పోయేసరికి "ఇవన్నీ చూశాను, ఇవి బాగున్నాయి" అని చెప్పగలిగితే మెకానిక్ ఊహించాల్సిన పని తగ్గుతుంది, మీ బిల్లు కూడా తగ్గుతుంది.

పొగ కూడా మాట్లాడుతుంది. నల్లగా వస్తే పెట్రోల్ ఎక్కువ. నీలంగా వస్తే ఆయిల్ కాలుతోంది. చలికాలం పొద్దున కొంచెం తెల్లగా వస్తే అది నీటి ఆవిరే. నీటితో చల్లబడే ఇంజన్ వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే కూలెంట్ లోపలికి పోతున్నట్టు, బండి ఆపండి.

ఆయిల్ విషయంలో పొదుపు వద్దు

డెలివరీ బండి రోజంతా ఆగుతూ, లేస్తూ తిరుగుతుంది. మామూలు బండి కంటే ముందే దాని ఆయిల్ నల్లబడుతుంది. వారానికోసారి మట్టం చూడండి, మాన్యువల్ చెప్పిన కిలోమీటర్లకంటే కొంచెం ముందే మార్చండి. డబ్బా మీద జాసో ఎంఏ అన్న గుర్తు ఉండాలి. కార్లకు వేసే కొన్ని ఆయిల్స్‌లో జారుడు పదార్థాలు కలుపుతారు. బైకు క్లచ్ అదే ఆయిల్‌లో మునిగి ఉంటుంది కాబట్టి జారిపోతుంది. రేజ్ పెరిగి బండి పోకపోతే ముందు ఏ ఆయిల్ పోశారో గుర్తుచేసుకోండి.

పాత ఆయిల్ రోడ్డు పక్క కాలువలో పోయకండి. మనం ఉండే చోట వాన కాలువలు చెరువుల వైపు, సముద్రం వైపే పోతాయి. జరిమానా సంగతి అలా ఉంచండి, సాయంత్రం మన పిల్లలు బాతులను చూసేది ఆ నీళ్లలోనే. డబ్బాలో పోసి వాడిన ఆయిల్ తీసుకునే చోట ఇవ్వండి. మూసిన గ్యారేజీలో ఇంజన్ నడపొద్దు, ఆ పొగకు వాసన తెలియకుండానే ప్రాణం పోతుంది. పెట్రోల్ డబ్బా పడుకునే గదిలో పెట్టొద్దు.

పాత బండి కొనేవాళ్లకు

ఆస్ట్రేలియా పోస్ట్ వాళ్లు చాలా ఏళ్లు ఉత్తరాలు పంచడానికి వాడిన హోండా సీటీ110, అదే పోస్టీ బైకు, ఇప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో కనిపిస్తుంది. క్లచ్ లివర్ ఉండదు, రిపేరు తేలిక, కిక్ కొట్టి లేపొచ్చు. కానీ 105 సీసీ ఇంజన్ పెద్ద రోడ్ల వేగాన్ని అందుకోలేదు. మీరు తిరిగే దారిని బట్టి ఎంచుకోండి.

ఏ బండైనా చూడటానికి పోయినప్పుడు ఇంజన్ మీద చెయ్యి పెట్టండి. ముందే వేడిగా ఉంటే, చల్లగా ఉన్నప్పుడు లేవని బండి కావచ్చు. చల్లారాక మళ్లీ వస్తానని చెప్పండి. ఈజీరెగ్‌లో రిజిస్ట్రేషన్ గడువు చూడండి. పీపీఎస్ఆర్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో 2 డాలర్లకే బండి మీద అప్పు ఉందా, దొంగదా అన్నది తెలుస్తుంది. డీలర్ దగ్గర కొంటే ఆస్ట్రేలియా వినియోగదారు చట్టం కింద హామీలు ఉంటాయి. ప్రైవేటు మనిషి దగ్గర కొంటే నాణ్యత హామీ ఉండదు, చూసుకోవాల్సింది మీరే.

వారం అద్దెకు బండి తీసుకునేవాళ్లు కూడా ఉన్నారు. ఒక చోట అద్దెకిచ్చినాయన బ్రేకులు పోయినా "రిపేరు నీదే, అద్దె ఆపేది లేదు" అన్నాడు. వ్యాపారంగా అద్దెకిచ్చే వస్తువు కూడా పనికొచ్చేలా, సురక్షితంగా ఉండాలని అదే చట్టం చెబుతుంది. తీసుకున్న రోజే టైర్లు, బ్రేకులు, మీటరు ఫోటోలు తీసుకోండి. మాట నోటితో కాకుండా మెసేజ్‌లో ఉండాలి. వివాదం వస్తే దక్షిణ ఆస్ట్రేలియా కన్జ్యూమర్ అండ్ బిజినెస్ సర్వీసెస్‌కు 131 882లో చెప్పొచ్చు.

భయం వద్దు, హక్కులు ఉన్నాయి

చాలామంది "నేను ఏబీఎన్ మీద చేస్తున్నా, నాకు హక్కులేముంటాయి?" అంటారు. దక్షిణ ఆస్ట్రేలియా పని భద్రతా చట్టంలో కార్మికుడు అన్న మాటలో కాంట్రాక్టర్లు కూడా వస్తారు. తీవ్రమైన ప్రమాదం ముందున్నప్పుడు పని ఆపే హక్కు ఉంది. సేఫ్‌వర్క్ ఎస్ఏ నంబరు 1300 365 255.

యాప్ ఖాతా అన్యాయంగా మూసేశారనుకుంటే, 2025 ఫిబ్రవరి 26 నుంచి ఫెయిర్ వర్క్ కమిషన్‌కు పోయే దారి ఉంది. కనీసం 6 నెలలు క్రమంగా పనిచేసి ఉండాలి, మూసిన 21 రోజుల్లో దరఖాస్తు పెట్టాలి. ఇంకొకరి ఖాతా అద్దెకు తీసుకుని నడిపితే ఈ దారులన్నీ చిక్కుల్లో పడతాయి. జీతం, పని గంటల సందేహాలకు ఫెయిర్ వర్క్ అంబుడ్స్‌మన్ 13 13 94. ఇంగ్లీషులో చెప్పడం కష్టమైతే ముందు 131 450కి చేసి తెలుగు దుబాసీ కావాలని అడగండి.

రిజిస్ట్రేషన్‌తో వచ్చే సీటీపీ బీమా మనుషుల గాయాలకే. ఎదుటివాళ్ల కారుకు తగిలితే ఆ ఖర్చు మీ మీదే పడుతుంది. కనీసం థర్డ్ పార్టీ ప్రాపర్టీ బీమా తీసుకోండి, డెలివరీకి వాడుతున్నామని వాళ్లకు చెప్పండి. దాచిపెడితే క్లెయిమ్ రాకపోవచ్చు.

రిపేరు బిల్లులు పారేయకండి. పన్ను లెక్కలో మోటర్‌సైకిల్‌కు కార్లలాగా కిలోమీటరుకు ఇంత అన్న పద్ధతి లేదు, అసలు ఖర్చుల్లో పని భాగమే చూపించాలి. పెట్రోల్, ఆయిల్, టైరు, అన్నిటి రసీదులూ ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి.

ఆ తమ్ముడి సంగతి చెప్పి ముగిస్తా. ఆ రాత్రి ఇంటికి చేరాక బండిని బయటికి తీయలేదు. ఇంట్లో ఉండే ముగ్గురూ తలా కొంత వేసుకుని ముందు ప్యాడ్లు, డిస్కు మార్చారు. నాలుగు రోజులు డెలివరీ పోయింది, ఆ వారం అద్దెకు ఇబ్బంది పడ్డాడు. తర్వాత ఒకరోజు వాన సాయంత్రం ఒక కారు ఇండికేటర్ లేకుండా అడ్డం వచ్చిందట. "అన్నా, బ్రేకు పట్టింది" అని మెసేజ్ పెట్టాడు, అంతే.

ఈ ఆదివారం మీ బండి దగ్గర ఒక పది నిమిషాలు కూర్చోండి. ముందు బ్రేకులు చూడండి. ఆ తర్వాతే ట్యాంకు మూత.